అండాశయ క్యాన్సర్: తొలి కణ మార్పులు

అండాశయ క్యాన్సర్ అనేది ఒకే వ్యాధి కాదు. వేర్వేరు కణాల్లో, వేర్వేరు జన్యుమార్పులతో మొదలై, చివరకు అండాశయంలోనో దాని చుట్టుపక్కలో కణితిగా బయటపడే కొన్ని వ్యాధులకు ఉమ్మడిగా ఉన్న పేరు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 3 లక్షల 24 వేల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది, రెండు లక్షలకు పైగా స్త్రీలు దీనితో చనిపోతున్నారు. అండాశయ క్యాన్సర్లలో దాదాపు 90 శాతం అవయవాలను కప్పి ఉంచే ఉపకళా కణాల నుంచి పుట్టే కార్సినోమాలు. కార్సినోమాల్లోనూ హై గ్రేడ్ సీరస్ రకానిదే పెద్ద వాటా, సుమారు 70 శాతం. మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం కూడా ఇదే. ఈ రకం చాలాసార్లు అండాశయంలో కాక, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ ట్యూబు చివర మొదలవుతుందని 21వ శతాబ్దపు పరిశోధనలు చూపాయి.

పాత సిద్ధాంతం, కొత్త ఆధారాలు

ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా 1971లో ఒక ప్రతిపాదన చేశారు. ప్రతి నెలా అండం విడుదలైనప్పుడు అండాశయం పైపొర చిట్లుతుంది, మళ్లీ మానుతుంది. ఎడతెగకుండా సాగే ఈ గాయం, మరమ్మతుల్లో కణాలు దారి తప్పి క్యాన్సర్‌కు బీజం పడుతుందని ఆయన భావించారు. ఎక్కువ కాన్పులైనవారిలో, ఎక్కువ కాలం పాలిచ్చినవారిలో, గర్భనిరోధక మాత్రలు వాడినవారిలో వ్యాధి తక్కువగా కనిపించడం ఈ వాదానికి బలమిచ్చింది. కానీ ఒక చిక్కు మిగిలింది. ఎన్ని అండాశయాలను పరీక్షించినా, హై గ్రేడ్ సీరస్ క్యాన్సర్‌కు ముందుండే దశ అంటూ వాటిలో స్పష్టంగా దొరకలేదు. పైగా ఆ కణితి కణాలు అండాశయం పైపొరను కాక ట్యూబు లోపలి పొరను పోలి ఉంటాయి.

ఆధారం, అండాశయ క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న స్త్రీల నుంచి దొరికింది. క్యాన్సర్ రాకముందే వీరికి అండాశయాలను, ట్యూబులను తొలగిస్తారు. అలా తీసిన ట్యూబుల్లో అసాధారణ కణాలు ఉన్నాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2001లో ప్రకటించారు. ఆ తర్వాత అమెరికాలోని బోస్టన్‌లో క్రిస్టఫర్ క్రమ్ బృందం ట్యూబును పూర్తిగా పరీక్షించే పద్ధతిని రూపొందించింది. అంతకుముందు పాథాలజిస్టులు ట్యూబులోంచి ఒకటి రెండు ముక్కలు మాత్రమే చూసి సరిపెట్టేవారు. కొత్త పద్ధతిలో ఫింబ్రియా అనే కుచ్చులాంటి చివరి భాగాన్ని వేరుచేసి నిలువుగా, మిగతా ట్యూబును రెండు మూడు మిల్లీమీటర్ల మందాన అడ్డంగా కోసి, మొత్తాన్నీ సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఇలా చూడటం మొదలుపెట్టాక తొలి దశ మార్పులు పదేపదే ఫింబ్రియాలోనే కనిపించాయి.

మార్పుల వరుస

ట్యూబు లోపలి పొరలో ప్రధానంగా రెండు రకాల కణాలుంటాయి. సూక్ష్మ కేశాలున్న కణాలు అండాన్ని ముందుకు నడిపిస్తాయి, స్రావక కణాలు ద్రవాన్ని విడుదల చేస్తాయి. క్యాన్సర్‌కు దారితీసే మార్పులు స్రావక కణాల్లో మొదలవుతాయి.

మొదటి మెట్టును పీ53 సిగ్నేచర్ అంటారు. కణంలో డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు విభజనను ఆపేది, అవసరమైతే కణాన్ని చంపేది పీ53 ప్రోటీన్. దాన్ని తయారుచేసే టీపీ53 జన్యువులో ఉత్పరివర్తన వస్తే ఈ కాపలా పోతుంది. మామూలు రంజనంతో చూస్తే ఈ దశలో కణాలు ఆరోగ్యంగానే కనిపిస్తాయి. పీ53కి ప్రత్యేక రంజనం వేసినప్పుడు మాత్రం పన్నెండు, అంతకు మించిన స్రావక కణాలు వరుసగా ముదురు గోధుమ రంగులో బయటపడతాయి. ఇవి వేగంగా విభజన చెందవు. ఆరోగ్యవంతుల ట్యూబుల్లోనూ తరచుగా ఉంటాయి, ఎక్కువ భాగం అక్కడితోనే ఆగిపోతాయి.

తర్వాతి ముఖ్యమైన మెట్టు సీరస్ ట్యూబల్ ఇంట్రాఎపిథీలియల్ కార్సినోమా. పాథాలజిస్టులు దీన్ని క్లుప్తంగా స్టిక్ అంటారు. ఇందులో కేంద్రకాలు పెద్దవై ముదురుగా మారతాయి, కణాలు క్రమం తప్పి ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి, సూక్ష్మ కేశాలు కనుమరుగవుతాయి. విభజనను సూచించే కేఐ-67 రంజనం పదో వంతుకు మించిన కణాల్లో కనిపిస్తుంది. లక్షణాలు క్యాన్సర్‌వే, కానీ కణాలు పొరను దాటి లోపలికి చొచ్చుకుపోవు. ఒకే రోగి స్టిక్‌లోనూ, అండాశయ కణితిలోనూ అచ్చంగా ఒకే టీపీ53 ఉత్పరివర్తన ఉండటం రెండింటికీ మూలం ఒకటేనని చెప్పే గట్టి ఆధారం. 2011లో వెలువడిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అధ్యయనం హై గ్రేడ్ సీరస్ కణితుల్లో 96 శాతానికి టీపీ53 ఉత్పరివర్తన ఉందని తేల్చింది. సుమారు సగం కణితుల్లో డీఎన్ఏ మరమ్మతు వ్యవస్థ కూడా లోపించింది.

స్టిక్ నుంచి అండాశయ కణితి వరకు సగటున ఆరేడేళ్లు పట్టవచ్చని, ఆ తర్వాత వ్యాప్తి మాత్రం వేగంగా జరుగుతుందని 2017లో కొద్దిమంది రోగుల జన్యువులపై జరిగిన అధ్యయనం అంచనా వేసింది. ఫింబ్రియా పొట్ట లోపలికి తెరుచుకుని ఉంటుంది. అక్కడ ఊడిన కణాలకు అడ్డుగోడ అంటూ లేదు. అవి పక్కనే ఉన్న అండాశయంపైనా, పెరిటోనియం పొరపైనా, పేగులను కప్పే ఒమెంటంపైనా స్థిరపడతాయి. పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండినట్టుండటం వంటి లక్షణాలు మొదలయ్యేసరికి చాలామందిలో వ్యాధి మూడో దశకు చేరి ఉంటుంది.

ఫింబ్రియాలోనే ఎందుకు

అండం విడుదలైనప్పుడు వచ్చే ద్రవం ఫింబ్రియాను తడుపుతుంది. అందులో ఉండే చురుకైన ఆక్సిజన్ అణువులు, వాపు కలిగించే పదార్థాలు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఈ విధంగా ఫతల్లా వాదం పూర్తిగా వీగిపోలేదు. అండ విడుదల ప్రభావం అండాశయంపై కంటే ట్యూబుపై ఎక్కువగా పడుతుందని అర్థమైంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు తెగిన డీఎన్ఏ పోగులను తప్పుల్లేకుండా అతికిస్తాయి. లోపమున్న జన్యువును వారసత్వంగా పొందినవారిలో ఈ మరమ్మతు దెబ్బతినే అవకాశం ఎక్కువ. అందుకే బీఆర్‌సీఏ1 లోపమున్నవారికి 80 ఏళ్లు వచ్చేసరికి అండాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 44 శాతం, బీఆర్‌సీఏ2 లోపమున్నవారికి సుమారు 17 శాతం.

ఇతర రకాల దారులు

ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ రకాలు ఎక్కువగా ఎండోమెట్రియోసిస్ నుంచి పుడతాయి. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరగడం ఈ స్థితి; అండాశయంలో అది రక్తపు తిత్తులుగా మారుతుంది. దీనికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని జాన్ శాంప్సన్ 1925లోనే గుర్తించారు. ఈ కణితుల్లో ఏఆర్ఐడీ1ఏ జన్యువు తరచుగా పనిచేయడం మానేస్తుందని 2010లో తెలిసింది. లో గ్రేడ్ సీరస్ రకం కేఆర్ఏఎస్, బీఆర్ఏఎఫ్ జన్యుమార్పులున్న బోర్డర్‌లైన్ (మామూలు కణితికీ క్యాన్సర్‌కూ మధ్య రకం) కణితుల నుంచి నెమ్మదిగా ఎదుగుతుంది. మ్యూసినస్ రకం అరుదు. అండాశయంలో కనిపించే మ్యూసినస్ కణితుల్లో చాలా భాగం జీర్ణాశయ అవయవాల నుంచి వ్యాపించినవే.

గుర్తింపు, నివారణ

స్టిక్ చాలాసార్లు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. స్కానింగులో కనబడదు, సీఏ-125 రక్తపరీక్షకు అందదు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలపై జరిగిన భారీ అధ్యయనపు 2021 ఫలితాల ప్రకారం, ఈ పరీక్షలతో చేసిన స్క్రీనింగ్ మరణాలను తగ్గించలేదు. అందుకే ప్రస్తుతం దృష్టి నివారణపై ఉంది. బీఆర్‌సీఏ1 లోపమున్నవారికి 35–40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 లోపమున్నవారికి 40–45 ఏళ్ల మధ్య, పిల్లలు చాలనుకున్నాక ట్యూబులను, అండాశయాలను తీసివేయాలని సూచిస్తారు. తీసిన ట్యూబులో స్టిక్ దొరికితే ప్రమాదం పూర్తిగా తొలగినట్టు కాదు. బీఆర్‌సీఏ లోపమున్న అలాంటి స్త్రీలలో ఐదేళ్లలో సుమారు పది శాతం మందికి, పదేళ్లలో నాలుగో వంతుకు పైగా మందికి పెరిటోనియంలో క్యాన్సర్ వచ్చిందని 2022 నాటి విశ్లేషణ చూపింది.

వంశపారంపర్య ముప్పు లేనివారికి గర్భాశయం తీసేటప్పుడో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడో అండాశయాలను ఉంచి ట్యూబులను మాత్రమే పూర్తిగా తీసే పద్ధతిని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వైద్యులు 2010లో ప్రోత్సహించడం మొదలుపెట్టారు. దీనివల్ల నెలసరి హార్మోన్లు కోల్పోవలసిన పని ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కుటుంబ నియంత్రణకు స్త్రీలు ఎక్కువగా ఎంచుకునేది ట్యూబెక్టమీ కాబట్టి ఈ విషయం ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. సాధారణ ట్యూబెక్టమీలో ట్యూబు మధ్య భాగాన్ని కట్టడమో కొంత ముక్క తీయడమో చేస్తారు, ఫింబ్రియా అలాగే ఉండిపోతుంది. దానివల్ల ఎండోమెట్రియాయిడ్, క్లియర్ సెల్ రకాల ముప్పు బాగా తగ్గుతుంది, హై గ్రేడ్ సీరస్ ముప్పు అంతగా తగ్గదు. ఫింబ్రియాతో సహా ట్యూబు మొత్తం తీసినప్పుడే ఆ రకం సాధారణంగా మొదలయ్యే చోటు తొలగిపోతుంది.