నీళ్లలో ముంచిన బొమ్మ

కారేపల్లిలో ముసురు. వసారాలో కూర్చుని జపాన్ చిత్రకారుడు హిరోషిగే వాన బొమ్మను నీటిరంగుల్లో దించడం నాకిది మూడోసారి. 1857లో చెక్క అచ్చులతో అద్దిన బొమ్మ అది. వంతెన మీద గొడుగుల కింద పరుగులు తీసే జనం, కింద ఏట్లో తెప్ప నడుపుకుంటూ ఒకే ఒక్కడు.

వాన గీతలు కుదిరాయి. ఊపిరి బిగబట్టి సన్నకుంచెతో ఏటవాలుగా లాగితే వస్తాయి. కుదరనిది పైన మబ్బు. కారునలుపు కిందికి దిగుతూ ఎక్కడ ఆగిందో తెలియకుండా కరగాలి. నాకు చార కట్టింది.

"ఏంది బిడ్డా, మబ్బుకు అంచు కుట్టినవ్?" అంది పక్కింటి పెద్దమ్మ.

నిజమే. ఆ మబ్బును జపాన్ పనివాళ్లు చెక్కలేదు. వాళ్లు ఉలితో చెక్కింది గీతలు, రంగుల హద్దులు. మబ్బు కోసం చెర్రీ చెక్కను తడిపి, ఒక అంచున రంగు పెట్టి, కుంచెతో తడిలోకి లాగి దాని మీద కాగితం అద్దేవారు. దీన్ని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అందుకే ఒకే బొమ్మ ప్రతుల్లో కూడా మబ్బు తేడాగా కనిపిస్తుంది.

నీటితో రంగును కరిగించే జపాన్ విద్య మన దాకా వచ్చిన దారి ఒకటుంది.

1903, కలకత్తా. జపాన్ కళా పండితుడు ఒకాకురా పంపగా వచ్చిన చిత్రకారుడు యొకొయామా తైకాన్ వెడల్పాటి కుంచెను నీళ్లలో ముంచి బొమ్మ మీద తడి పరుస్తున్నాడు. బెంగాలీ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ పక్కనే ఉండి చూస్తున్నాడు. ఆ తర్వాత తన బొమ్మను ఏకంగా నీళ్లలోనే ముంచేశాడు! రోజుల తరబడి వేసిన దాన్ని అలా ముంచాలంటే ఎంత గుండె కావాలి? పైకి తీస్తే అదనపు రంగు వదిలింది. మిగిలింది కాగితంలోకి ఇంకి పొగమంచులా నిలిచింది. అదే వాష్ పద్ధతి.

1920ల్లో ప్రమోదకుమార్ ఛటర్జీ ఆ పద్ధతిని బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. చెక్క అచ్చులతో కలంకారీ అద్దే ఊరికే ఆ విద్య చేరడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

నేనూ నా కాగితం పూర్తిగా ఆరనిచ్చి, పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి ముంచాను. "అయ్యో, పాయె గదా!" అంది పెద్దమ్మ. నెమ్మదిగా ఎత్తాను. మబ్బు అంచు కరిగింది. దాంతోపాటు వాన గీతలు సగం చెదిరాయి. కాగితం ఆరాక వాటిని మళ్లీ గీయాలి.