కెప్టెన్ ఒడ్డున ఉన్న పూట

పదో తరగతిలో చైతన్యపురి నుంచి విహారయాత్రకు వెళ్లి విశాఖ తీరంలో గుంపుగా ఫొటో దిగాం, గుర్తుందా? ఆ నీళ్లలోనే నెపోలియన్ కాలపు నౌకాయుద్ధం జరిగిందని ఉద్యోగంలో చేరాకే చదివాను.

1804 సెప్టెంబర్ 15. 50 ఫిరంగుల బ్రిటిష్ తెరచాప నౌక సెంచూరియన్, రెండు వర్తక నౌకలకు కాపలాగా అక్కడ లంగరేసి ఉంది. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. నౌక బాధ్యత లెఫ్టినెంట్ జేమ్స్ ఫిలిప్స్‌ది. అంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినువా మూడు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. వాటిలో మారెంగో ఒక్కదానికే 74 ఫిరంగులు!

పెద్ద ఇంజనీరు సైటులో లేనప్పుడు జూనియర్ పడే అవస్థ నాకు తెలుసు. మాకు ఫోనైనా ఉంది. ఫిలిప్స్ ఎవరినడుగుతాడు? శత్రువు దగ్గరికి రాగానే కాల్పులకు ఆజ్ఞ ఇచ్చేశాడు. తెరచాపలు చిరిగాయి, తాళ్లు తెగాయి. లిండ్ పడవలో వచ్చి నౌకెక్కేసరికి పోరు సగంలో ఉంది.

వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం లొంగలేదు.

తర్వాత లిండ్‌కు సర్ బిరుదు వచ్చింది. ఆయన వచ్చేదాకా నౌకను నిలిపింది మాత్రం ఫిలిప్సే.