బ్లాగర్ల సామాజిక మాధ్యమ సాధనాలు: కరీంనగర్, ఆదిలాబాద్

బ్లాగులో రాసినదాన్ని ఫేస్‌బుక్, ట్విటర్ (ఇప్పటి ఎక్స్), వాట్సాప్, యూట్యూబ్ వంటి వేదికల ద్వారా పదిమందికీ చేర్చడానికి కంప్యూటర్‌లో వాడే సాఫ్ట్‌వేర్లు, సేవలే సామాజిక మాధ్యమ సాధనాలు. ఇంగ్లీషులో రాసేవారికి వీటి జాబితా పోస్టులను వేళకు పంపే పనిముట్లతో మొదలవుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తెలుగులో రాసేవారికి అంతకు ముందే రెండు మెట్లున్నాయి. అక్షరం తెర మీదికి రావాలి, వచ్చిన అక్షరం అవతలివాళ్ల తెర మీద కూడా అక్షరంగానే కనబడాలి. గోండుల భాష అయిన గోండీలో రాసేవారికి ఇంకో మెట్టు కూడా ఉంది. ఇక్కడ ఏ సాధనం పనికొస్తుందో, ఏది రాదో తేల్చింది ఎక్కువగా ఈ అక్షరాల సంగతే.

ఈ వ్యాసంలో కరీంనగర్, ఆదిలాబాద్ అంటే పాత ఉమ్మడి జిల్లాలు. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వీటి నుంచి విడివడ్డాయి.

అక్షరం తెరకెక్కిన తీరు

కంప్యూటర్ తెలుగును చాలామంది తొలిసారి చూసింది డీటీపీ సెంటర్లలో. పెళ్లిపత్రిక అయినా, కరపత్రం అయినా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యేది. ఆ పద్ధతిలో తెలుగు పైకి కనబడే రూపం మాత్రమే. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాలు. అచ్చుకు ఆ తెలుగు చక్కగా సరిపోతుంది. అదే ముక్కను తీసుకెళ్లి ఫేస్‌బుక్‌లో అతికిస్తే అర్థం పర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరస కనబడుతుంది. ఏళ్ల తరబడి డీటీపీలో చేయి తిరిగినవాళ్లు కూడా బ్లాగు దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసి వచ్చింది అందుకే.

ఒక్కో లిపికి సొంత స్థానాలిచ్చే సంకేత పట్టిక యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాల గది దొరికింది. సామాన్యుడి కంప్యూటర్‌కు అది చేరింది మాత్రం 2001లో, గౌతమి ఫాంటుతో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. అప్పుడూ తెలుగు దానంతటదే కనబడేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల పక్కనున్న గడిలో టిక్కు పెట్టాలి, అది అడిగితే ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. నెట్ సెంటర్‌లో గంట లెక్కన కూర్చున్నవాడికి సీడీ ఎవరిస్తారు?

ఈ చిక్కును తప్పించింది లేఖిని. వీవెన్ రూపొందించిన ఈ వెబ్‌పేజీలో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే పక్కనే తెలుగు వస్తుంది; దాన్ని కాపీ చేసి ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు. దీనికి మూలం రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు ఏర్పరచిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ, పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చేది. తర్వాత గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ వచ్చింది. 2019లో విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చేరింది.

ఊహించి పదం అందించే పనిముట్లు వేగంగా పనిచేస్తాయి, కాకపోతే పత్రికల తెలుగుకు అలవాటు పడ్డవి. ‘అచ్చిండు’, ‘పోతున్నం’ అని ఇక్కడి మాటతీరులో రాయబోతే ముందుగా వేరే పదాలు చూపిస్తాయి. లేఖిని ఊహించదు, కొట్టిందే ఇస్తుంది. యాసలో రాసేవారికి ఈ మొరటు సాధనమే మేలు.

పొల్లుతో తిప్పలు

రెండు ఊళ్ల పేర్లూ పొల్లుతో ముగుస్తాయి. ‘కరీంనగర్’కు ‘లో’ చేర్చగానే లకారం ఒత్తుగా దిగిపోయి ‘కరీంనగర్లో’ అవుతుంది. ‘ఆదిలాబాద్లో’ కూడా అంతే. విడిగా ‘కరీంనగర్‌లో’ అని కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరాన్ని, శూన్య వెడల్పు విభాజకాన్ని, కొట్టాలి. ఒకరు కొడతారు, ఇంకొకరు కొట్టరు. కంప్యూటర్ దృష్టిలో ఆ రెండూ వేర్వేరు వరసలు. అక్షరం అక్షరం పోల్చి వెతికే సాధనాలకు ఒకటి దొరికితే రెండోది జారిపోతుంది.

లంకెల సంగతి మరీ విడ్డూరం. యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులుగా మారుతుంది. ‘కరీంనగర్’లో ఉన్నవి 8 సంకేతాలు, కాపీ చేసిన లంకెలో అది 72 గుర్తుల చాంతాడు. ‘ఆదిలాబాద్’ అయితే 81. అలాంటి లంకెను వాట్సాప్‌లో చూసినవాళ్లు వైరస్ అనుకుంటే తప్పు వాళ్లది కాదు. బ్లాగర్ సేవ ఈ గొడవే పెట్టుకోకుండా తెలుగు శీర్షికను వదిలేసి, చిరునామాలో ఉత్త ‘బ్లాగ్-పోస్ట్’ అని వేసేది. అందుకే ముందు ఇంగ్లీషు శీర్షికతో టపా (పోస్టు) ప్రచురించి, ఆ తర్వాత తెలుగు శీర్షిక పెట్టే ఉపాయం తెలుగు బ్లాగర్లలో పాకింది.

పంచే సాధనాలు

కొత్త టపా సంగతి తొలిరోజుల్లో, బ్లాగుల టపాలను ఒకచోట చేర్చి చూపే కూడలి వంటి సంకలినులు చెప్పేవి. కొందరు గూగుల్ రీడర్‌లో ఫీడు చదివేవారు. అది 2013 జులై 1న మూతపడింది. ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ చందాలు 2021లో ఆగిపోయాయి. వర్డ్‌ప్రెస్ టపా దానంతటదే సొంత ఫేస్‌బుక్ గోడ మీదికి వెళ్లే వీలు 2018 ఆగస్టులో పోయింది, పేజీలకు మాత్రం మిగిలింది. 2023లో, పోస్టులను వేళకు పంపే హూట్‌సూట్ ఉచిత ఖాతాను ఎత్తేసింది, ట్విటర్ వారి ట్వీట్‌డెక్ చందాదారులకే పరిమితమైంది. 2015లో కంప్యూటర్ మీదికొచ్చిన వాట్సాప్ వెబ్ మాత్రం నిలబడింది. కులసంఘం నుంచి పదో తరగతి బ్యాచి దాకా గ్రూపులన్నీ అందులోనే ఉన్నప్పుడు వేరే సాధనం కొనాలని ఎవరికనిపిస్తుంది?

లంబాడిపల్లి దారి

అప్పటి కరీంనగర్ జిల్లా, నేటి జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లి నుంచి శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. అనిల్ జీల, మిల్కూరి గంగవ్వ దీనితోనే పేరు తెచ్చుకున్నారు. గంగవ్వ 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించి, 2020లో తెలుగు బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు వెళ్లారు. కీబోర్డు దగ్గర తడబడ్డ యాస వీడియోలో అడ్డూ అదుపూ లేకుండా సాగింది. పలికే మాటకు వర్ణక్రమం అక్కర్లేదు. అయితే వీడియో కూడా శీర్షికతోనే వెతుకులాటలో దొరుకుతుంది కాబట్టి టైపింగు బెడద పూర్తిగా తీరలేదు.

గుంజాల గోండి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి వ్రాతప్రతులు బయటపడ్డాయి. వాటి అధ్యయనంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు ముందు నిలిచారు. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో ఈ లిపికి చోటు దక్కింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన మసరాం గోండి వేరు. అది 2017లోనే చేరింది.

గుంజాల గోండి అక్షరానికి 4 బైట్లు కావాలి. పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల యూటీఎఫ్-8 అమరిక 3 బైట్ల దగ్గరే ఆగిపోయేది. వర్డ్‌ప్రెస్ 2015 ఏప్రిల్‌లో 4.2 విడుదలతో దాన్ని సరిదిద్దుకుంది. ఎమోజీలకూ 4 బైట్లే కావాలి. నవ్వు ముఖాలు నడిచే తోవలోనే గోండి అక్షరాలూ నడుస్తున్నాయి. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. అది లేని కంప్యూటర్‌లో గోండి వాక్యం ఖాళీ డబ్బాల వరసగా కనబడుతుంది. జిల్లాలో గోండీని తెలుగు లిపిలో రాసే అలవాటు పాతదే కాబట్టి, ఆ డబ్బాలు కనబడని దారి ప్రస్తుతానికి అదే.