పిక్కలు పట్టే రాత్రులు: ఉప్పు, కొయినా కథ

కలమల్ల పేరు వినగానే చరిత్ర తెలిసినవారికి శాసనం గుర్తుకు వస్తుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముతురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన ఆ శాసనమే ఇంతవరకు లభించినవాటిలో తొలి తెలుగు శాసనమని పండితులు చెబుతారు. ఆ ప్రాంతంలో పనిచేసిన వైద్యుడిగా నాకు ముందు గుర్తుకు వచ్చేది మాత్రం ఎండ. ఒకవైపు ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, మరోవైపు థర్మల్ విద్యుత్ కేంద్రం. వేసవిలో అక్కడ చెమటోడ్చేవారికి పిక్కలు పట్టడం కొత్త సంగతి కాదు.

ఒక మే నెల మధ్యాహ్నం, పిక్కలూ పొట్ట కండరాలూ రాళ్లలా బిగుసుకుపోయి, గని పనివాడొకడు ఆసుపత్రికి వచ్చాడు. నీడలో పడుకోబెట్టి, ఉప్పు, చక్కెర కలిపిన నీరు తాగించాము. కొంతసేపటికి లేచి కూర్చున్నాడు. నెల గడిచాక అదే యువకుడు తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె పాదాలు వాచి ఉన్నాయి, రక్తపోటు బాగా పెరిగింది. "రాత్రైతే పిక్కలు పట్టుకపోతాండాయి సారూ, వీడు దినామూ ఉప్పునీళ్లు తాపుతాండాడు" అన్నది. తప్పు కొడుకుది కాదు. ఏ రకపు పట్టుకు ఉప్పు పనిచేస్తుందో ఆనాడు అతనికి చెప్పని నాది.

ఈ రెండు పట్లూ ఒకటి కావు. ఆ సంగతి తేలడానికి వైద్యశాస్త్రానికే చాలా కాలం పట్టింది.

ముందు ఉప్పు సంగతి చూద్దాం. కలరా సోకినవారి పిక్కలు మెలితిరిగిపోవడం వెనుకటి వైద్యులందరూ ఎరిగినదే. 1831లో ఓషాగ్నెస్సీ అనే యువ వైద్యుడు, కలరా రోగుల రక్తంలో నీరూ లవణాలూ తరిగిపోతున్నాయని ఇంగ్లండులో నిరూపించాడు. మరుసటి ఏడాది స్కాట్లండులో థామస్ లాటా ఉప్పునీటిని నేరుగా రక్తనాళంలోకి ఎక్కించాడు. నేటి సెలైన్‌కు అదే మూలం. (ఆ ఓషాగ్నెస్సీయే తరువాత మన దేశానికి వచ్చి టెలిగ్రాఫు తీగలు వేయించాడు!) 1923లో బ్రిటిష్ బొగ్గు గనుల కార్మికులను పరిశీలించిన మాస్ అనే శాస్త్రవేత్త మరొక మెట్టు ఎక్కాడు. లోతైన, వేడి గనుల్లో విపరీతంగా చెమటపట్టి, వట్టి నీళ్లు మాత్రమే తాగేవారికి కండరాలు పట్టేస్తున్నాయి. నీటిలో ఉప్పు కలిపి ఇస్తే తగ్గుతున్నాయి. అమెరికాలో హూవర్ డ్యాం కట్టేటప్పుడు, 1932 వేసవిలో, హార్వర్డ్ పరిశోధకులు అక్కడి కూలీలలో ఇదే పరిశీలించారు. మన గని యువకుడిది అచ్చంగా ఈ జాతి పట్టు.

అతని తల్లిది వేరు. ఆమె ఎండలోకి పోలేదు, చెమట పట్టలేదు. నిద్రలో, వేకువజామున, ఒక పిక్క ఉన్నట్టుండి ముద్దకట్టి ప్రాణం తోడేస్తుంది. ఇదీ కొత్త రోగం కాదు. చరక సంహిత సూత్రస్థానంలో 80 వాత వికారాలను లెక్కించినచోట 'పిండికోద్వేష్టనం' అనే పేరు కనిపిస్తుంది. అంటే పిక్క మెలిపెట్టడమే. మన పెద్దలు 'నరం ఎక్కింది' అనేదీ దీన్నే. నిజానికి నరం ఎక్కడికీ ఎక్కదు. నిద్రలో పాదం కిందికి వాలి, పిక్క కండరం అప్పటికే కురచబడి ఉంటుంది. ఆ స్థితిలో దాని నాడులు అదుపు లేకుండా సంకేతాలు పంపితే కండరం మరింత బిగుసుకుపోతుంది. చాలామందిలో ఇంతకుమించిన కారణం దొరకదు.

దీనికి మందు మలేరియా అరలోంచి వచ్చింది. సింకోనా బెరడు నుంచి 1820లో ఫ్రాన్సులో క్వినైన్ తీశారు. 1860 దశకంలో నీలగిరులలో సింకోనా తోటలు వేశారు. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ కాలానికి మన ఊళ్లలో 'కొయినా' చేదు ఎరుగని ఇల్లు తక్కువ. 1940లో అమెరికన్ వైద్యులిద్దరు, రాత్రిపూట కాళ్లు పట్టేవారికి క్వినైన్ ఇస్తే తగ్గుతున్నదని రాశారు. అంతే, దశాబ్దాలపాటు ముసలివారి దిండు కింద ఆ మాత్ర ఉండిపోయింది.

తగ్గించలేదని అనను. కొంత తగ్గిస్తుంది. కానీ కొద్దిమందిలో అది రక్తంలోని ప్లేట్‌లెట్లను ప్రమాదకరంగా పడగొడుతుంది, గుండె లయ తప్పిస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాలు పట్టు బాధాకరమే గాని ప్రాణం తీసేది కాదు కదా! చీటీ లేకుండా దీనికోసం క్వినైన్ అమ్మడాన్ని అమెరికా 1995లో ఆపింది. 2006లో హెచ్చరిక మరింత గట్టిచేసింది. ఎవరైనా పాత చీటీ చూపి ఆ మాత్ర అడిగితే ఇప్పటికీ నా సమాధానం ఒకటే: వద్దు. మెగ్నీషియం మాత్రలు కూడా వృద్ధులలో చెప్పుకోదగ్గ మేలు చేయలేదని పరీక్షలు తేల్చాయి. అయినా వాటి అమ్మకం తగ్గలేదు, అది వేరే కథ.

ఇక మిగిలింది ఖర్చులేని ఉపాయం. పట్టేసినప్పుడు కాలు చాపి, మోకాలు వంచకుండా, పాదం వేళ్లను మీవైపు లాగండి. లేదా లేచి ఆ పాదం మీద బరువు మోపి నిలబడండి. నిద్రకు ముందు గోడకు మూరెడు దూరాన నిలబడి, మడమలు నేలను వదలకుండా, చేతులు ఆన్చి ముందుకు వాలండి. పది సెకన్లు ఆగి, మూడుసార్లు. 2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మందితో చేసిన పరీక్షలో, పిక్కలనూ తొడ వెనుక కండరాలనూ ఇలా ఆరు వారాలు సాగదీసినవారికి పట్లు తగ్గాయి. అంతకుముందు జరిగిన ఒక బ్రిటిష్ పరీక్షలో ఫలితం కనిపించలేదన్నది కూడా మీకు చెప్పాలి. అయినా చేటు లేని పని. పాదాలను కిందికి నొక్కేలా దుప్పటి బిగించి కప్పుకోకండి.

తరచూ పట్టేస్తుంటే మీ మందుల సంచీ వైద్యునికి చూపించండి. రక్తపోటుకు ఇచ్చే నీటి మాత్రలు, కొన్ని ఉబ్బసం పీల్పు మందులు కారణం కావచ్చు. అలాగని మీకు మీరే మానేయవద్దు. మధుమేహం, మూత్రపిండాల, కాలేయ వ్యాధులు వెనుక ఉన్నాయేమో చూడాలి. నడిస్తే పిక్క నొచ్చి, ఆగితే తగ్గుతుంటే, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవారిలో, అది రక్తనాళం పూడుకుపోతున్న గుర్తు. ఒక్క కాలే వాచి, వేడెక్కి నొస్తుంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ తల్లికి ఉప్పునీళ్లు మాన్పించి, నీటి మాత్ర మోతాదు సరిచేశాను. గోడ దగ్గర నిలబడటం కొడుకుకే నేర్పించి పంపాను. తరువాత రెండు నెలలకు వచ్చినప్పుడు, పట్లు వారానికొకసారికి తగ్గాయన్నది.