కప్పు కాలేజీకి, ఖర్చు నాన్నకి

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్ల కరపత్రం చేతికందితే పైన దేవుడి బొమ్మ ఉంటుంది. దాని కిందే బండలాగుడు పోటీల బహుమతుల వివరం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అంటూ ఎద్దుల వయసును బట్టి విభాగాలు. ఒక్కో విభాగానికి మొదటి బహుమతి ఎంత, రెండోది ఎంత, దాత ఎవరు, అన్నీ అచ్చులోనే. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో మైకులో వినబడుతుంటే ఈలలు, కేకలు. పోటీ ముగిశాక గెలిచిన జత యజమాని చేతిలో నగదు పడుతుంది. డబ్బు ముట్టుకుంటే పోటీ మైలపడుతుందని అక్కడ ఎవరూ అనుకోరు.

అదే పల్లె నుంచి ప్రొద్దుటూరుకో పులివెందులకో డిగ్రీ చదవడానికి పోయే కుర్రాడు పరుగు పందెంలో ఫస్టు వస్తే చేతికి దక్కేది ఒక సర్టిఫికెట్, బంగారు రంగు పూసిన ఒక కప్పు. మంచి మనసున్న దాత దొరికితే స్టీలు హాట్‌ప్యాకు. ఆ కప్పు కూడా ఇంటికి రాదు, ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలోకి పోతుంది. స్పైక్సు బూట్లు, రోజూ తినాల్సిన గుడ్లు, మోకాలికి దెబ్బ తగిలితే స్కానింగు మాత్రం నాన్న లెక్కలో పడతాయి.

చదువుకుంటూ ఆడేవాళ్లు డబ్బు తీసుకోవచ్చా అన్న ప్రశ్న మీద అమెరికాలో నూరేళ్లకు పైగా కొట్లాట నడిచింది. కడప జిల్లాలో ఆ ప్రశ్న ఆ రూపంలో ఎప్పుడూ తలెత్తలేదు. ఇక్కడ ఇంటింటా అడిగింది ఒకటే: ‘ఆటలాడితే కూడు వస్తాదా?’ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనబడతాయి గానీ వాటి వేరు ఒకటే.

డబ్బు తీసుకోని ఆటగాడే అసలైన ఆటగాడన్న సిద్ధాంతం పుట్టింది విక్టోరియా కాలపు ఇంగ్లండులో. థేమ్స్ నది మీద జరిగే హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో ఒక నిబంధన రాసుకున్నారు. డబ్బు కోసం ఆడేవాళ్లనే కాదు, కూలికి చేతిపని చేసుకునేవాళ్లను కూడా పోటీకి రానివ్వకూడదని దాని సారం. రోజంతా పనిలో కండలు గట్టిపడ్డ కూలివాడు బరిలో దిగితే దొరబిడ్డలు నెగ్గడం కష్టమన్న బెరుకు అందులో లేకపోలేదు. ఆస్తి ఉన్నవాడికి ఉచితంగా ఆడటం వ్రతం, లేనివాడికి అది ఉపవాసం. క్రికెట్‌లో కూడా ఇంగ్లండు వాళ్లు ‘జెంటిల్మెన్’ వేరు, ‘ప్లేయర్స్’ వేరు అంటూ 1962 దాకా ఆ గీతను చెరపలేదు.

1896లో మొదలైన ఆధునిక ఒలింపిక్స్ ఈ సిద్ధాంతాన్నే నెత్తిన పెట్టుకుంది. దానికి బలైనవాళ్లలో అందరికన్నా పేరున్నవాడు జిమ్ థోర్ప్. అమెరికా ఆదివాసీ తెగలో పుట్టి, పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడిలో చదువుకుంటూ 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. మరుసటి ఏడాది ఒక పత్రిక పాత సంగతి బయటపెట్టింది. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్ ఊరి జట్టుకు అతను కొద్దిపాటి డబ్బుల కోసం బేస్‌బాల్ ఆడాడట. కాలేజీ కుర్రాళ్లు చాలామంది అప్పట్లో అదే పని దొంగపేర్లతో చేసేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. రెండు బంగారు పతకాలూ లాక్కున్నారు. 1953లో అతను పోయాడు. సహ విజేతగా పేరు తిరిగి రాసింది 1982లో, ఏకైక విజేతగా ఒప్పుకున్నది 2022లో.

థోర్ప్ చేసిన ‘నేరం’ మన పల్లెల్లో ప్రతి సంక్రాంతికీ జరుగుతుంది. వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్లకు ఊరి జట్టు బలం చాలదనుకుంటే బయటి నుంచి ‘గెస్ట్ ప్లేయరు’ను పిలిపిస్తారు. అతను చాలాసార్లు ఏదో డిగ్రీ కాలేజీలో చదివేవాడే, యూనివర్సిటీ జట్టుకు ఆడినవాడే. బస్సు దిగేసరికి బైకు సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం కోడికూర భోజనం. ఫైనల్ ముగిశాక పెద్దమనిషి ఒకాయన పక్కకు పిలిచి చొక్కా జేబులో మడిచిన నోట్లు కుక్కుతాడు. రసీదు లేదు, ఒప్పందం లేదు. ఓడితే ఆ మడత పలచబడుతుంది. సీమలో విద్యార్థి క్రీడాకారుడి ‘మార్కెట్’ అంటూ ఉంటే అది ఇదే.

మన దగ్గర ఆటల చదువు కూడా విదేశీ వాసనతోనే మొదలైంది. కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు పోయిన భారత జట్టు బాధ్యత చూసిందీ ఆయనే. డ్రిల్లు మాస్టారనే మనిషిని ఈ ప్రాంతపు బడులకు అలవాటు చేసిన తొలి పాఠశాలల్లో అదొకటి. ఆ డ్రిల్లు మాస్టార్లు నేర్పింది క్రమశిక్షణ, ఆరోగ్యం, నాయకత్వం. సంపాదన మాట పాఠంలో లేదు.

అయితే ఆట మీద బతికిన తెలుగువాళ్లు ఆనాడు లేకపోలేదు. కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా మొదలై, సర్కస్ కంపెనీ పెట్టి తన బలాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు. మచిలీపట్నం మూలాలున్న నాగపూర్ కుటుంబంలో పుట్టిన సీకే నాయుడు భారత తొలి టెస్టు జట్టుకు 1932లో కెప్టెన్. ఇండోరు హోల్కర్ మహారాజు ఆయనకు తన సైన్యంలో హోదా ఇచ్చి పోషించాడు. పేరుకు సైనిక కొలువు, అసలు పని క్రికెట్. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనకు ఆయన తన పేరిచ్చాడు. ఇలా సరుకు అమ్మిపెట్టిన మొదటి భారత క్రికెటర్ ఆయనే అంటారు.

రాజులు పోయారు, ఆ పద్ధతి మిగిలింది. హోల్కర్ చోట రైల్వే, పోలీసు శాఖ, బ్యాంకు, ప్రభుత్వరంగ సంస్థ కూర్చున్నాయి. రైల్వే క్రీడా బోర్డు 1928 నాటిది. చెన్నై–ముంబై లైను మీదున్న ఎర్రగుంట్ల స్టేషను చూస్తూ పెరిగిన కుర్రాడికి ఆట అంటే రైల్వే ఉద్యోగం అన్న లెక్క చాలాకాలం చెల్లింది. నీకిప్పుడు డబ్బివ్వం, ఒక కాగితం ఇస్తాం, దాన్ని దాచుకుంటే రేపు కోటాలో ఉద్యోగమో సీటో వస్తుంది అనేది ఆ లెక్కలోని ఒప్పందం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ సీట్లలో క్రీడా కోటా అర శాతం. ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతంగా ఉన్నదాన్ని 2024 క్రీడా విధానంలో 3 శాతం చేశారు. కాగితానికి ఇంత విలువ కట్టేసరికి ఆడకుండానే కాగితం సంపాదించే మొనగాళ్లు పుట్టుకొచ్చారు. నకిలీ క్రీడా సర్టిఫికెట్ల వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కాదు. ఆట ఫలితాన్ని ఆటలో ఇవ్వకుండా ఇంకెక్కడో ఇస్తామంటే ఇలాగే అవుతుంది.

అమెరికాలోనూ ఇలాంటి ఒప్పందమే, కాకపోతే వ్యాపారం పెద్దది. కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ టీవీ హక్కులతో వందల కోట్ల డాలర్లు వచ్చాయి. కోచ్‌ల జీతాలు యూనివర్సిటీ అధ్యక్షుల జీతాలను దాటిపోయాయి. ఆడే పిల్లలకు మాత్రం ఫీజు, హాస్టలు, భోజనం. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య కార్మిక పరిహారం అడిగితే, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదని, అతను ఉద్యోగి కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1957లో తోసిపుచ్చింది. ఆ గోడ కూలడానికి అరవై ఏళ్లు పైగా పట్టింది. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఒక్క మాటగా విద్యార్థుల వైపు నిలిచారు. ఆ జూలై 1 నుంచే ఆటగాళ్లు తమ పేరు, ముఖం, గుర్తింపు అమ్ముకోవచ్చని కాలేజీ క్రీడా సంఘం ఒప్పుకుంది. 2025 జూన్‌లో మరో దావా రాజీతో కాలేజీలే నేరుగా పంచే వీలు వచ్చింది. 2025–26కి ఒక్కో కాలేజీ పంచగల పరిమితి 2.05 కోట్ల డాలర్లు. అప్పటి మారకం లెక్కలో సుమారు 175 కోట్ల రూపాయలు.

అందులో మనవాళ్లకు చిక్కు ఒకటుంది. మన తెలుగు పిల్లలూ అమెరికా కాలేజీల తరఫున టెన్నిస్ ఆడారు. సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి, సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌కు ఆడినవాళ్లే. ఇప్పుడు అలా వెళ్లే పిల్లకు కాలేజీ డబ్బిస్తానన్నా ఎఫ్-1 వీసా అడ్డం. క్యాంపస్ దాటి పనిచేస్తే వీసాకు ఎసరొస్తుందన్న భయం ఏమిటో పిల్లల్ని అమెరికా పంపిన ప్రతి ప్రొద్దుటూరు ఇంటికీ తెలుసు. పక్క లాకరు అమ్మాయి బూట్ల ప్రకటనలో నవ్వుతుంటే, మన అమ్మాయి లాయర్‌ను అడగాలి.

విచిత్రమేమిటంటే విద్యార్థి ఆటగాళ్లు డబ్బు తీసుకోకూడదన్న నిషేధమే ఇండియాలో లేదు. పీవీ సింధు 2013లో, పద్దెనిమిదేళ్ల వయసులో, చదువుకుంటూనే భారత్ పెట్రోలియంలో ఉద్యోగి అయింది. ఆమె చదివిన మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీకి అందులో తప్పేమీ కనబడలేదు. ఖేలో ఇండియా కింద ఎంపికైన వాళ్లకు చేతిఖర్చుకు నెలకు 10,000 రూపాయలు అందుతాయి. అమెరికా వందేళ్లు కొట్లాడి సాధించినదాన్ని మనం కొట్లాడకుండానే కాగితం మీద పెట్టుకున్నాం. చిక్కంతా ఆ జాబితాలోకి ఎక్కేలోపు గడిచే ఏళ్లతోనే.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నాగార్జున యూనివర్సిటీ తరఫున ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో దాటింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా అది లెక్కకు రాలేదు. ఆ పోటీలో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. డబ్బు సంగతి తర్వాత, దేశంలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన విద్యార్థినికి ఆ మాట రాసిపెట్టే ఏర్పాటు కూడా కాలేజీ క్రీడల్లో లేకపోయింది. అధికారికంగా జాతీయ రికార్డు ఆమె పేరిట చేరడానికి 2022 దాకా, సైప్రస్ దాకా పోవాల్సి వచ్చింది.

ఇక మన జిల్లా సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నడుమ గీత గీస్తే అటూ ఇటూగా వీరపునాయునిపల్లె మండలం తగులుతుంది. అక్కడి నల్లపురెడ్డి శ్రీచరణి తండ్రి ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో చిన్న ఉద్యోగి. బడిలో ఆమె ఆడినవి ఖోఖో, పరుగు, బ్యాడ్మింటన్. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారో ఏట. 2024 డిసెంబరులో మహిళల క్రికెట్ లీగు వేలంలో 10 లక్షల కనీస ధర నుంచి మొదలై 55 లక్షలకు ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను తీసుకుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు, డిగ్రీ చదివే వయసు. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి అంతర్జాతీయ టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు. నవంబరు 2న ప్రపంచకప్ గెలుపు. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. నెల తిరక్కుండా మరో వేలంలో ఆమె ధర 1.3 కోట్లు.

ఈ అంకెల మీద ఎవరికీ అసూయ అక్కర్లేదు. అవన్నీ ఆమె చేతి స్పిన్నుకు దక్కినవి. కానీ వాటి తేదీలు చూడండి. ప్రభుత్వం ఇచ్చింది కప్పు గెలిచాక. లీగు ఇచ్చింది బౌలింగు తయారయ్యాక. తయారయ్యే ఏళ్లలో పెట్టుబడి పెట్టింది థర్మల్ కేంద్రం జీతం. ఒలింపిక్ స్వర్ణానికి రాష్ట్రం ఇప్పుడు 7 కోట్లు ఇస్తానంటోంది. ఆ 7 కోట్లు ఖర్చయ్యే అవకాశం ఎంతో ఆర్థిక శాఖకు బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే అంకె అంత పెద్దదైందేమో కూడా.

క్రికెట్ కాని ఆటల్లో చాలామందికి వేలం గడప కూడా దొరకదు. కబడ్డీ ఆడే డిగ్రీ కుర్రాడి మోకాలి లిగమెంటు తెగితే, డెన్నిసన్ భార్య అడిగిన ప్రశ్నే ఇక్కడా లేస్తుంది: అతను ఎవరి కోసం ఆడుతూ పడ్డాడు? కాలేజీ పేరున్న బనియను వేసుకునే కదా. జట్టుకు ఎంపికైన ప్రతి విద్యార్థికీ గాయాల బీమా, సీజన్ నడిచినన్ని నెలలు చేతిఖర్చు ఇస్తే యూనివర్సిటీలు కుంగిపోవు. ప్రతి విద్యార్థి దగ్గరా ఆటల ఫీజని వసూలు చేస్తూనే ఉన్నారు.

మిగతాది బజారు చూసుకోగలదు. అమెరికాలో ఊరి కార్ల డీలర్లు, హోటళ్ల వాళ్లు కాలేజీ ఆటగాళ్ల ఫొటోలు పెట్టుకుని వాళ్లకు డబ్బిస్తున్నారు. రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ప్రొద్దుటూరులో బంగారం కొట్లకు, బట్టల షాపులకు హోర్డింగుల కొరత లేదు. మనకైతే పతకం వచ్చాకే ఫ్లెక్సీ లేస్తుంది. అందులోనూ నాయకుల ముఖాలు పెద్దవి, ఆటగాడిది మూలన తపాలా బిళ్లంత. సినిమా తారకు ఇచ్చేదాంట్లో పిసరంత విదిల్చి జిల్లా పోటీల్లో గెలిచిన పిల్లను ఆ హోర్డింగెక్కిస్తే ఆమె ఏడాది బూట్లు, తిండి, ప్రయాణాలు గడిచిపోతాయి. కాలేజీ సరేనంటే, ఇంట్లోవాళ్లు సంతకం పెడితే సరి, అడ్డుచెప్పే చట్టమేదీ మన దగ్గర లేదు.