పన్నెండు పనిముట్లు, ఒక చాకు

పోయిన శీతాకాలం మా ఏడేళ్ళ అమ్మాయి బడి నుంచి రాగానే "నాన్నా, నాకో చాకు కావాలి" అంది. స్నేహితురాలి తాతగారు చెక్కతో పిట్టని చెక్కి ఇచ్చారట, తనూ చెక్కుతుందట. మా ఆవిడ నాకేసి చూసిన చూపు సంగతి ఇక్కడ రాయను. తెనాలి నుంచి మా నాన్నగారైతే ఫోన్లోనే తేల్చేశారు. "చిన్నపిల్ల చేతికి చాకేంట్రా? బుద్ధిగా చదువుకోమను."

ఆ "చదువుకోమను" దగ్గరే నాకు పురుగు తొలిచింది. చిన్నప్పుడు మా వీధి చివర వడ్రంగి బాడిసతో చెక్కుతుంటే, ఎగిరిపడే పేళ్ళు చూస్తూ గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. ఉలి మాత్రం ఒక్కసారి కూడా పట్టుకోనివ్వలేదు ఇంట్లోవాళ్ళు. అది మనం చేసే పని కాదు, అంతే. ఆయన కొడుకు నా క్లాసే. వాడు ఏడో తరగతిలో బడి మానేసి ఉలి పట్టాడు, నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి కీబోర్డు పట్టాను.

సరే, అసలు విషయానికొస్తా. ఏమీ తెలియని విషయంలో చదువుకున్నవాడు చేసే తెలివైన పనే నేనూ చేశాను. అన్నిటికన్నా ఎక్కువ ముక్కలున్న సెట్టు కొన్నాను. చెక్కపెట్టె, అందులో పన్నెండు పనిముట్లు. బల్లపరుపు ఉలులు, డొల్ల ఉలులు, వంపు ఉలులు. వీటికో అంకెల పద్ధతి కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్ పనిముట్ల తయారీదార్లు స్థిరపరచింది. 3 అంటే దాదాపు చదును, 9కి వచ్చేసరికి అర్ధవృత్తం. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. చెక్క మీద పెడితే మాత్రం ఒక్కటీ తెగలేదు, అన్నీ మొద్దే. గట్టిగా నొక్కితే జారి నా బొటనవేలు మాత్రం తెగింది.

అప్పుడు కూర్చుని గూగులించాను. అనుభవజ్ఞులందరిదీ ఒకటే మాట: సెట్టు వద్దు, ఒక మంచి స్లాయిడ్ చాకు కొనుక్కోండి. స్లాయిడ్ అంటే ఏ కంపెనీ పేరో అనుకున్నాను. కాదు, అదో స్వీడిష్ మాట. స్లాయ్డ్ అంటే చేతిపని. ఆ మాట అమెరికా దుకాణాల దాకా రావడం వెనక ఓ బడి కథ ఉంది.

ఫ్యాక్టరీ సరుకు వచ్చి పల్లెల్లో చేతిపనులు పడిపోతున్న కాలం అది. ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ అనే ఆయన పూనికతో 1866లో బళ్ళలో చేతిపనిని పాఠంగా పెట్టారు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ దగ్గర నేస్ అనే ఎస్టేటులో ఒట్టో సాలొమన్ ఓ బడి నడిపేవాడు. ఎస్టేటు వాళ్ళ మేనమామ ఆగస్ట్ అబ్రహాంసన్‌ది. మొదట్లో సాలొమన్ ఉద్దేశం పిల్లలకి ఓ వృత్తి నేర్పడమే. 1877లో ఫిన్లాండు వెళ్ళి సిగ్నేయస్‌ని కలిసొచ్చాక ఆలోచన మారింది. ఇది వడ్రంగుల్ని తయారుచేయడానికి కాదు, ఎవరు ఏ పని చేసుకు బతికినా సరే, శ్రమ అంటే గౌరవం కలగడానికి, కన్నూ చెయ్యీ కుదరడానికి అన్నాడు. చేసిన వస్తువు ఇంట్లో పనికిరావాలి, అలంకారానికి కాదు.

మరి మొదటి పనిముట్టు ఏది? చాకు! స్వీడన్ పల్లె పిల్లలకి అప్పటికే అలవాటైన వస్తువది. తెలిసినదాన్నుంచి తెలియనిదానికి వెళ్ళాలన్నది ఆయన సూత్రం. రంపం, చిత్రిక అన్నీ తర్వాతే. మొదటి పాఠంలో చేయాల్సింది ఓ చిన్న సన్నపుల్ల.

దేశదేశాల నుంచి వేలమంది టీచర్లు నేస్ వెళ్ళి నేర్చుకున్నారు. అక్కడ చదివిన గుస్తాఫ్ లార్సన్ 1888లో మా బోస్టన్ వచ్చి, పాలిన్ అగాసిజ్ షా అనే ధనవంతురాలి అండతో టీచర్లకి స్లాయిడ్ నేర్పడం మొదలెట్టాడు. చాకుకి ఇక్కడ ఆ పేరు అలా అంటుకుంది. స్వీడన్ బళ్ళలో అయితే ఈ రోజుకీ స్లాయ్డ్ అందరికీ తప్పనిసరి పాఠం. మనదగ్గర 1937లో గాంధీగారు వార్ధాలో చేతిపనితో చదువు అన్నారు, జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక కూడా రాసింది. నేను చదివిన బడికొచ్చేసరికి మాత్రం క్రాఫ్టు పీరియడ్ అంటే లెక్కల మాస్టారు లాగేసుకునే పీరియడ్ :)

సాలొమన్ మీద నాకు ఒక్క అలక. ఈ పాఠాన్ని పనివాడు కాదు, శిక్షణ పొందిన టీచరే చెప్పాలని పట్టుబట్టాడు. పనికి గౌరవం ఇచ్చి, పనివాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టినట్టు లేదూ?

చివరికి కొన్నది స్వీడన్‌లోని మోరా ఊరి చాకు. అమెరికాలో పనిచేసి తిరిగెళ్ళిన ఫ్రాస్ట్ ఎరిక్ ఎర్సన్ 1891లో అక్కడ దుంగలు లాగే స్లెడ్జిలు చేసే కార్ఖానా పెట్టాడు. అందులో వాడుకోడానికి చేసిన చాకులే తర్వాత అసలు వ్యాపారమయ్యాయి. మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఇనుము, అందుకే నూరడం తేలిక. రెండు పొడవుల్లో దొరికితే పొట్టిది, 6 సెంటీమీటర్లది తీసుకున్నాను. కోత తట్టుకునే గ్లవ్సు, మెత్తటి బాస్‌వుడ్ ముక్కలు సరేసరి.

రెండు వారాలకి పదును పోయింది. నూరడం మీద నాలుగు వీడియోలు చూస్తే నాలుగు రకాలుగా చెప్పారు. మా పిన్ని కొడుకు ద్వారా నంబరు పట్టుకుని, ఆ వడ్రంగిగారి అబ్బాయికి ఫోన్ చేశాను, ఇరవయ్యేళ్ళ తర్వాత. విషయం విని ఓ క్షణం ఆగి, "నీకెందుకురా ఈ పని?" అన్నాడు. మా అమ్మాయికి అన్నాను. వీడియోలో చాకు చూపించమన్నాడు, అటూ ఇటూ తిప్పించాడు.

"ఆ ఏటవాలు మొత్తం రాయికి ఆనాలి. వీపు ఎత్తకు. ఎత్తావా, పోయిందన్నమాటే. ఏదీ, పాపకివ్వు, నేను చెప్తా."