ఇబ్నుల్ హైసమ్: తొలి చూపు, నిదానించిన చూపు

ఇబ్నుల్ హైసమ్ పేరు రాగానే మన రచయితలు కెమెరా ప్రస్తావన తెచ్చి, గర్వపడి ఊరుకుంటారు. ‘కితాబుల్ మనాజిర్’ రెండవ భాగంలో ఆయన చేసిన పని అంతకంటె విలువైనదని నా అభిప్రాయం.

హిజ్రీ 354 (క్రీ.శ. 965) ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన పండితుడాయన. యూక్లిడ్, టాలెమీల అనుయాయులు కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయనేవారు. వస్తువునుండి వెలుగే కంటికి చేరుతుందని ఆయన నిరూపించారు. అయితే ఇక్కడొక చిక్కుంది. వెలుగు తనంత తానే కంట పడుతున్నప్పుడు, ఎదుటనే ఉన్న వస్తువు వెతికితేగాని దొరకదెందుకు?

ఆయన చూపును రెండు విధాలుగా విభజించారు. ‘బదీహా’ అంటే తొలి చూపు. దానికి ప్రస్ఫుటమైన లక్షణాలు మాత్రమే అందుతాయి. ‘తఅమ్ముల్’ అంటే నిదానించి పరికించడం. దీనికి కన్ను కదలవలసిందే. కంటి మధ్యగా సూటిగా సాగే అక్షరేఖపై ఉన్న భాగమే మిక్కిలి స్పష్టంగా కనబడుతుంది. పక్కకు పోయినకొద్దీ మసక. కనుక కన్ను ఆ రేఖను వస్తువులోని ఒక్కొక్క భాగం మీదుగా నడిపిస్తుంది. దీనికి కారణం నేత్రపటలం నడుమనున్న చిన్న పల్లమని నేటి శాస్త్రం చెబుతుంది. అది ఆయనకు తెలియదు గాని, పరిశీలన మాత్రం సరియైనదే.

ఆయన ఇచ్చిన ఉదాహరణ చక్కనిది. చదువు వచ్చినవాడు ‘అబ్జద్’ అనే మాటను చూడగానే గుర్తిస్తాడు. అలిఫ్, బా, జీమ్, దాల్ అని కూడబలుక్కోడు. పూర్వపరిచయం ఉన్నచోట ఒక్క గుర్తు చాలు. (తెలుగు పత్రిక చదివే మనకూ ఇది నిత్యానుభవమే.) ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే, తాను ఊహించి తేల్చుకుంటున్నానన్న సంగతి మనసుకే తెలియదు. పంతొమ్మిదవ శతాబ్దిలో హెల్మ్‌హోల్ట్జ్ దాదాపు ఇదే మాట అన్నారు. అప్పటికి ‘మనాజిర్’ లాటిన్ అనువాదం 1572లోనే బాసెల్‌లో అచ్చయి ఉంది.

1980లో ఆన్ ట్రైస్మన్, గ్యారీ జెలేడ్ ప్రకటించిన ప్రయోగాలను చూపి, అవన్నీ ఇబ్నుల్ హైసమ్ ముందే చెప్పారనేవారున్నారు. ఇది సబబు కాదు. వేరే రంగు అక్షరం ఒక్కటుంటే, చుట్టూ ఎన్ని ఉన్నా ఇంచుమించు అంతే సమయంలో దొరుకుతుందనీ, రంగునూ రూపాన్నీ కలిపి వెతకవలసివస్తే సంఖ్యతోపాటు ఆలస్యం పెరుగుతుందనీ వారు కొలిచి చూపారు. ఇబ్నుల్ హైసమ్ కాలం పడుతుందన్నారేగాని దానిని కొలవలేదు. పైగా ట్రైస్మన్ చెప్పిన తొలి దశకు పరిచయంతో పనిలేదు. ఆయన తొలి చూపు మాత్రం తరచు జ్ఞాపకాన్ని వెంటబెట్టుకునే వస్తుంది.